బంతి వెంట పరుగెత్తే బిడ్డ ఏ కళాశాలలో చేరవలె?

ఏటేటా ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన మరునాటి నుండి మన ఇబ్రహీంపట్నంలో ఒకటే సందడి. సాగర్ రోడ్డుకు ఇరువైపులా కళాశాలల ప్రకటన ఫలకాలు వెలుస్తాయి. ఇంటింటా అవే ప్రశ్నలు: ఏ కోర్సు, ఎంత ఫీజు, బస్సు ఉన్నదా, హాస్టలు ఉన్నదా, చదువు ముగిసిన వెనుక కొలువు దొరుకునా? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. తల్లిదండ్రుల కష్టార్జితంతో ముడిపడిన విషయంలో ఎంత విచారించినా తక్కువే.

అయితే ఈ సందడిలో ఒక ప్రశ్నకు మాత్రం సమాధానం చెప్పేవారు కనబడరు. కిందటి వేసవిలో మా జట్టు సాయంకాలపు ఆట ముగించుకొని మైదానపు అంచున కూర్చున్న వేళ, ఇంటర్ పూర్తిచేసిన ఒక పిల్లవాడు భుజాన బూట్ల సంచితో మా వద్దకు వచ్చి అడిగినాడు: "అన్నా, బంతి ఆడేటోనికి ఏ కాలేజీ మంచిగుంటది?" మాలో ఒకరు నవ్వినారు, ఒకరు తమ కళాశాల పేరు చెప్పినారు, మరొకరు "ముందుగాల చదువు చూసుకో తమ్మీ" అన్నారు. అతడు తల ఊపి వెళ్లిపోయినాడు. ఆ రాత్రి మాకు సిగ్గు వేసినది. మేము స్వయంగా ఆ దారిలో నడిచి వచ్చినవారము. తెలిసి చేసిన తప్పులు కొన్ని, తెలియక పడిన గోతులు కొన్ని మా వెనుక ఉన్నవి. అయినను మా తమ్మునికి చెప్పవలసిన నాలుగు మాటలు మా నోట రాలేదు. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ వ్యాసం. విద్యార్థి మిత్రులతోపాటు కళాశాల కమిటీ పెద్దలు కూడ దీనిని చదువుతారని తెలిసియే వ్రాస్తున్నాము.

ఇది చిన్న ప్రశ్న అనుకొనరాదు. మనము ఏ నగరపు నీడలో ఉన్నామో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందాము. భారతదేశపు ఫుట్‌బాల్ చరిత్రలో హైదరాబాదు ఒక ఊరి పేరు మాత్రమే కాదు, ఒక విద్యాపీఠం పేరు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు రోవర్స్ కప్పును గెలిచిన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1951లో ఢిల్లీయందు, 1962లో జకార్తాయందు ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు గెలిచిన భారత జట్లకు శిక్షకులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, సెమీఫైనల్ చేరి, నాలుగవ స్థానం పొందినది కూడ ఆయన శిక్షణలోనే. జకార్తా విజయం గడిచి ఏడాది తిరుగక మునుపే, 1963 జూన్‌లో, ఆయన కన్నుమూసినారు. 2024లో ఆయన జీవితంపై హిందీ చలనచిత్రం వచ్చిన తరువాతనే మనలో చాలమందికి ఆ పేరు తెలిసినదంటే తప్పు ఆయనది కాదు.

రహీం సాబ్ గూర్చి మనవారు తరచుగా మరచే సంగతి ఒకటి ఉన్నది. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉన్నత విద్య నభ్యసించి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, హైదరాబాదు పాఠశాలలలో పిల్లలకు పాఠాలు చెప్పిన వ్యక్తి. 1918లో ఉర్దూ మాధ్యమంగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు కాలం అది. చదువుకు ఆట అడ్డమని గాని, ఆటకు చదువు దండుగని గాని ఆయన ఎన్నడూ భావించలేదు. తరగతిలో నల్లబల్లపై బోధించే చేయియే మైదానంలో ఆటగాళ్లకు దారి చూపినది. తాలీమ్, ఖేల్ అన్న రెండు మాటలను విడదీసినది ఆ తరం కాదు, మనమే.

అయితే ఆనాటి ఆటగానికి ఉండిన ఒక అండ నేడు అంతగా లేదు. పోలీసు శాఖ, రైల్వే, బ్యాంకులు తమ జట్ల కొరకు ఆటగాళ్లను తీసుకొని వారికి కొలువులు ఇచ్చేవి. కాలిలో సత్తువ తగ్గిన నాడు కూడ నెల జీతం ఆగేది కాదు. కొలువుతో సరిపుచ్చుకొనక పెద్ద ఆట కొరకు పోదలచినవారు కలకత్తా దారి పట్టినారు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరినారు. ఆయన తరువాత సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ వంటివారు అదే త్రోవన వెళ్లి పేరు గడించినారు. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2గా నిలిచినప్పుడు ఒక గోలు మన హబీబ్‌దే. ఈ పేర్లు తలచుకొన్నప్పుడు ఛాతీ పొంగుతుంది. కాని బలరాం వంటి మహా ఆటగాడు రోమ్ ఒలింపిక్స్‌లో గోళ్లు కొట్టి, జకార్తాలో స్వర్ణం గెలిచి, 1963లో అనారోగ్యం చేత ఇరువది ఆరేడేండ్ల వయసుకే పెద్ద ఆటను విడువవలసి వచ్చినదన్న సంగతి కూడ తలచుకొనవలె. శరీరం ఎవరి మాటా వినదు. ఆటగాని వృత్తికి ఆయుష్షు స్వల్పం.

నేటి పరిస్థితి ఏమిటి? 2019లో మన నగరం పేరు పెట్టుకొని హైదరాబాద్ ఎఫ్.సి. అన్న క్లబ్బు వెలసినది. 2021–22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడ గెలిచినది. ఆ రాత్రి మన వీధులలో పిల్లలు కేరింతలు కొట్టినారు. అదే క్లబ్బు ఆర్థిక చిక్కులలో పడి, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. ఆ ఏడాదే వాణిజ్య ఒప్పందం తెగక, దేశంలోని అత్యున్నత లీగే సకాలంలో ఆరంభం కాలేదు. జీతాలు అందునో అందవోనని పేరున్న ఆటగాళ్లే బెంగ పెట్టుకొనిన నాడు, ఇబ్రహీంపట్నం నుండి బయలుదేరే పిల్లవానికి దిక్కేమి? పోలీసు కొలువు స్థానంలో నేడు వానికి అండగా నిలువగలిగినది ఒక్కటే: చేతిలోని పట్టా. కనుక ఆ పట్టా ఇచ్చే కళాశాలను ఎంచుకొనుట వాని క్రీడా జీవితంలో అన్నిటికన్న ముఖ్యమైన నిర్ణయం.

ఈ నిర్ణయంలో రెండు విధాల పొరపాట్లు జరుగుచున్నవి. మొదటిది పెద్దలది. "ఆటతోని కడుపు నిండుతదా బిడ్డా?" అని అడిగే తండ్రిని మేము తప్పు పట్టము. ఆటో నడిపి, కూలి చేసి, కూరగాయలు అమ్మి చదివించే తండ్రికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. కాని ఆ భయంతో బూట్లు దాచివేసినంత మాత్రాన పిల్లవాడు పుస్తకం పట్టడు. బంతి పోయిన చోట మొబైల్ ఫోను వచ్చి కూర్చుంటుంది. రెండవ పొరపాటు పిల్లలది. "నాకు ఆట ఉన్నది, డిగ్రీ పేరుకు చాలు" అనుకొని, ఏ కోర్సో ఏ కళాశాలయో చూడక, జట్టులో చోటిస్తామన్న మొదటివాని వెంట పోవుట. ఇల్లు అలకగానే పండుగ కానట్లే జెర్సీ తొడగగానే బ్రతుకు తెరువు కాదు.

ఈ రెండు దారులకు నడుమ మూడవ దారి ఉన్నదని చెప్పుటకు చరిత్రలో సాక్షులున్నారు. నాగా కొండలలో 1918లో పుట్టిన తాలిమెరెన్ ఆవో వైద్యవిద్య కొరకు కలకత్తాలోని కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చేరినారు. ఒకవైపు మోహన్ బగాన్‌కు ఆడుచు, మరొకవైపు వైద్యం చదివినారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారతపు ఫుట్‌బాల్ జట్టుకు నాయకత్వం వహించినారు. తరువాత ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, స్వస్థలానికి మరలి, ప్రజలకు వైద్యసేవ చేసినారు. సముద్రాల ఆవల బ్రెజిల్ దేశంలో సోక్రటీస్ అన్న ఆటగాడు వైద్యవిద్య ముగియు వరకు తానున్న రిబెరావో ప్రెటో నగరపు బొటఫోగో జట్టులోనే ఉండి, చదువు పూర్తియైన పిదప 1978లో కొరింథియన్స్‌కు వెళ్లినాడు. 1982 ప్రపంచకప్‌లో బ్రెజిల్ నాయకుడు ఆయనయే. పెద్ద క్లబ్బు కొరకు చదువును విడువలేదు, చదువు కొరకు బంతినీ విడువలేదు. వీరిద్దరూ ముందుగా ఎంచుకొన్నది తాము చదువగల చోటును. ఆ చోట ఆట కూడ ఉండునట్లు చూసుకొన్నారు.

ఇక మన పిల్లవాని ప్రశ్నకు వద్దాము. కళాశాలను ఎంచుకొనే ముందు ఏమేమి చూడవలె?

మొదట చూడవలసినది ఆ కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో. ఇది చాలమందికి తట్టని విషయం. కళాశాల జట్టు అంతర్ కళాశాలల పోటీలలో ఆడుతుంది. ఆ పోటీలలో రాణించినవారి నుండి విశ్వవిద్యాలయపు జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు దక్షిణ మండలపు అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, అక్కడ నెగ్గినచో అఖిల భారత పోటీలకు వెళుతుంది. 2020లో ఆరంభమైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు కూడ దారి ఇదియే. మన ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలు సాధారణంగా జె.ఎన్.టి.యు. పరిధిలోనివి, డిగ్రీ కళాశాలలు ఉస్మానియా పరిధిలోనివి. కనుక కోర్సును ఎంచుకొన్న నాడే పిల్లవాడు తాను ఏ ఎంపికలలో ఎవరితో పోటీపడవలెనో కూడ ఎంచుకొన్నట్లే.

రెండవది వయసు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో ఆడుటకు 17 నుండి 25 ఏండ్ల వరకే అర్హత. అదియును పూర్తికాలపు విద్యార్థికి మాత్రమే. దూరవిద్యలో పేరు నమోదు చేసుకొని క్లబ్బుకు ఆడుచుందునను పిల్లవానికి ఆ ద్వారం తెరుచుకొనదు. ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ చేరి మానుకొనుచు పోయినవాడు ఆడదగిన ఏండ్లను తన చేతులారా పోగొట్టుకొంటాడు.

మూడవది మైదానం. ప్రకటన పత్రంలోని రంగుల చిత్రం చూచి నమ్మరాదు. ఒక పనిదినాన సాయంత్రం నాలుగున్నరకు స్వయంగా వెళ్లి చూడవలె. గోలు స్తంభాలు నిలిచి ఉన్నవా? మైదానంలో బస్సులు నిలిపినారా? గడ్డి లేకపోయినా ఫరవాలేదు, గాజుపెంకులు, కంకర ఉన్నవా? ఆ వేళ అక్కడ ఎందరు ఆడుచున్నారు? ఆడేవారిని పిలిచి అడగవలె: వారానికి ఎన్ని దినాలు ఆడుతారు? వ్యాయామ సంచాలకుడు మైదానానికి వస్తారా, లేక కార్యాలయపు పనులకే పరిమితమా? గత ఏడాది ఎన్ని పోటీలకు వెళ్లినారు? ప్రయాణపు ఖర్చు ఎవరు పెట్టుకొన్నారు? పెద్దలు చెప్పే మాట కన్న, ఆడి అలసిన విద్యార్థి చెప్పే మాటలో నిజం ఎక్కువ.

నాల్గవది జట్టులో తన స్థానం. గోల్‌కీపరుగా ఆడే పిల్లవాడు ఇద్దరు మంచి గోల్‌కీపర్లు మొదటి సంవత్సరంలోనే ఉన్న కళాశాలకు వెళ్లినచో మూడేండ్లు బెంచీమీదనే గడుపవచ్చును. పేరున్న జట్టులో కూర్చుండుట కన్న చిన్న జట్టులో ఆడుట మేలని మా అనుభవం. ఆడనిదే ఆట రాదు.

ఐదవది హాజరు. ఇక్కడ లెక్క తప్పినవారు మాలో ఎందరో ఉన్నారు. ఉదాహరణకు ఒక సెమిస్టరులో 90 పనిదినాలు ఉన్నవనుకొందాము. 75 శాతం హాజరు కావలెనన్నచో 22 దినాలకు మించి మానరాదు. అంతర్ కళాశాలల పోటీకి 4 దినాలు, విశ్వవిద్యాలయపు శిక్షణ శిబిరానికి 12 దినాలు, మండలపు పోటీకి రైలు ప్రయాణంతో కలిపి 9 దినాలు వేసుకొనండి. మొత్తం 25. ఒక్క దినమైనా జ్వరం రాకుండగనే హద్దు దాటిపోయినది. మన పిల్లలలో అధిక సంఖ్యాకులు ప్రభుత్వపు ఫీజు రీయింబర్స్‌మెంటుపై చదువుచున్నవారు. దానికి కూడ 75 శాతం హాజరు కావలె. అనగా విశ్వవిద్యాలయం కొరకు ఆడి గెలిచి వచ్చినవాడు, ఇంటికి వచ్చి చూసుకొనేసరికి పరీక్షకు, ఫీజుకు రెంటికీ ముప్పు తెచ్చుకొని ఉంటాడు. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు, ఆ దినాలలో జరిగిన ఇంటర్నల్ పరీక్షల మార్కులు కూడ పోతాయి. కనుక చేరక ముందే అడగవలె: పోటీలకు వెళ్లిన దినాలను హాజరుగా లెక్కిస్తారా? తప్పిన పరీక్షను మరల పెడతారా? "చూద్దాంలే" అన్న సమాధానం వచ్చినచో దానిని "లేదు" అనియే గ్రహించవలె.

ఆరవది ధనం. ఈ విషయంలో మాకు తెలిసిన ఒక యువకుని గాథ చెప్పక తప్పదు. అతని పేరు గాని ఆ కళాశాల పేరు గాని చెప్పము. ఒకరిని నిందించుట మా ఉద్దేశం కాదు, మరొకరు ఆ గోతిలో పడకుండుటయే కావలె. మంచి హాఫ్‌బ్యాక్. "మా జట్టుకు ఆడు, ఫీజు సంగతి మేము చూసుకొంటాము" అన్న నోటిమాటపై ఇల్లు విడిచి దూరపు కళాశాలలో చేరినాడు. రెండేండ్లు బాగుగా గడిచినవి. మూడవ ఏట ఆటలో మోకాలి లిగమెంటు తెగినది. ఆడలేని నాటి నుండి ఆ నోటిమాట ఎవరికీ జ్ఞాపకం లేదు. గడచిన ఏండ్ల ఫీజు బాకీగా చూపి, కట్టువరకు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇయ్యమన్నారు. తల్లి చేతి గాజులు కుదువకు వెళ్లినవి. ఒరిజినల్ సర్టిఫికెట్లు బిగబట్టరాదని యు.జి.సి. 2018 అక్టోబరులో స్పష్టంగా ప్రకటించియున్నది. కాని ఆ సంగతి ఆ ఇంటిలో ఎవరికీ తెలియదు, తెలిసినా అడిగే ధైర్యం ఎక్కడిది? ఆ యువకుడు నేడు మాతో మాట్లాడునపుడు మోకాలి నొప్పి గూర్చి చెప్పడు. ఒక్క కాగితం వ్రాయించుకొననందుకే వాపోతాడు.

క్రీడల కోటా ఉన్నది గదా అని కొందరనవచ్చును. ఉన్నది. కాని మన రాష్ట్రపు ఇంజనీరింగు ప్రవేశాలలో అది అర శాతం, అనగా రెండు వందల సీట్లకు ఒకటి. ఆ ఒక్క సీటుకు అన్ని ఆటలవారు పోటీదారులే, సర్టిఫికెట్టు స్థాయిని బట్టి ప్రాధాన్యం. మండల స్థాయి పతకం మెడలో వేసుకొని దానిపై ఆశ పెట్టుకొనుట లాటరీ చీటి కొనుటతో సమానం. కోటా దొరికినచో సంతోషం, దొరుకకున్నను నిలువగలిగే ఏర్పాటు చేసుకొనవలె.

అమెరికాకు పోయి ఆడుచు చదువుదమను ఊహ కూడ నేడు కొందరి ఇండ్లలో వినవచ్చుచున్నది. మన జిల్లా నుండి పై చదువులకు అమెరికా వెళ్లేవారు తక్కువేమీ కాదు గనుక ఆ ఊహ వింత కాదు. అక్కడి కళాశాలల క్రీడలు గొప్పవే. కాని పురుషుల ఫుట్‌బాల్‌కు అక్కడి మొదటి శ్రేణి విశ్వవిద్యాలయాలలో 2024–25 వరకు ఒక్కొక్క జట్టుకు 9.9 ఉపకార వేతనాలకు మించి ఇయ్యరాదన్న నియమం ఉండినది. జట్టులో ముప్పది మంది ఉన్నచో తలకు మూడవ వంతు మాత్రమే. 2025–26 నుండి కొత్త ఒప్పందంలో చేరినచోట ఆ హద్దు తొలగి, జట్టులో 28 మందియే ఉండవలెనన్న హద్దు వచ్చినది. అయినను అందరికీ ఇచ్చి తీరవలెనన్న నియమం లేదు. మూడవ శ్రేణి కళాశాలలు, హార్వర్డ్ వంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు ఆట కొరకని ఉపకార వేతనమే ఇయ్యవు. సంపన్న దేశంలోనే సంగతి ఇట్లున్నది. ఆటతో చదువంతా ఉచితమను మాట ఎక్కడ వినబడినా రెండుసార్లు ఆలోచించవలె.

ఇన్ని ప్రశ్నలను ఒక్క ప్రశ్నలో ఇముడ్చమన్నచో మేము ఇట్లు చెబుతాము. తమ్ముడా, చేరబోయే కళాశాల గేటు ముందు నిలబడి నిన్ను నీవు అడుగుము: "రేపు నా మోకాలు దెబ్బతిని బంతి ముట్టలేని స్థితి వచ్చినా నేను ఇక్కడ ఉండి ఈ చదువు పూర్తి చేయగలనా? చేయగోరుదునా?" అవును అన్న సమాధానం వచ్చినచోట, ఆటకు కూడ తగిన చోటున్నచో, నిస్సంశయంగా చేరుము. కాదు అన్న సమాధానం వచ్చినచో, అక్కడి మైదానం పచ్చిక తివాచీయైనా వెనుదిరుగుము.

ఇక కమిటీ పెద్దలకు మా సవినయ విన్నపం. పిల్లవాడు సరియైన ప్రశ్నలు అడుగుట నేర్చినంత మాత్రాన చాలదు. అతడు అడిగినపుడు సరియైన సమాధానం చెప్పగల కళాశాల ఒకటి ఉండవలె గదా! అది మన కళాశాల ఎందుకు కారాదు?

మేము గొంతెమ్మ కోరికలు కోరుట లేదు. ఒకటి, ఆటగానికి ఫీజులో ఏ రాయితీ ఇచ్చినను కాగితంపై వ్రాసి, సంతకం చేసి, తల్లిదండ్రుల చేతికి ఇయ్యవలె. అతడు చదువులో ఉత్తీర్ణుడగుచున్నంత కాలం, గాయపడి ఆడలేకున్నను ఆ రాయితీ కోర్సు చివరి వరకు సాగవలె. రెండు, విశ్వవిద్యాలయం కొరకో రాష్ట్రం కొరకో ఆడిన దినాలను హాజరుగా పరిగణించుటకు, తప్పిన ఇంటర్నల్ పరీక్షను మరల పెట్టుటకు ఒక స్థిరమైన పద్ధతి ఏర్పరచవలె. ఇది ప్రతి పర్యాయం ఒక్కొక్క అధ్యాపకుని దయపై ఆధారపడరాదు. మూడు, సాయంత్రం రెండు గంటలు మైదానం మైదానంగానే ఉండవలె. వాహనాలకు గాని షామియానాలకు గాని ఆ వేళ చోటు ఇయ్యరాదు. నాలుగు, జట్టులోని ప్రతి విద్యార్థికి ప్రమాద బీమా చేయించవలె. ఐదు, ప్రవేశ సమయంలో ఇచ్చే పుస్తకంలో గత మూడేండ్లలో జట్టులో ఆడినవారెందరు, వారిలో చదువు పూర్తిచేసినవారెందరు అన్న లెక్కను ఉన్నదున్నట్లు ప్రకటించవలె. ఈ ఐదింటిలో ధనంతో పనిపడేవి రాయితీ, బీమా మాత్రమే. రాయితీ ఎంతయన్నది మీరే నిర్ణయించండి, ఎంత తక్కువైనను మాకు సమ్మతమే. నిలుపుకొనగలిగినంతయే వాగ్దానం చేయుమని మా ప్రార్థన. మిగిలినవాటికి కావలసినది మనసు.

ఫలితాల శాతం తగ్గునని కమిటీవారు శంకించవచ్చును. ఆ శంక నిర్హేతుకం కాదు. ఆట పేర తరగతులు ఎగగొట్టి తిరిగిన అన్నలు మా ముందు తరంలో ఉన్నారు, మాలోనూ లేకపోలేదు. అందుకే మరొక నియమం మేమే సూచిస్తున్నాము: రెండు సబ్జెక్టులకు మించి తప్పినవాడు వాటిని పూర్తిచేయువరకు జట్టులో ఆడరాదు. ఈ కట్టుబాటు మాకు సమ్మతమే. హక్కు కోరువాడు బాధ్యతకు వెనుదీయరాదు.

అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను తాము స్థాపించి నిర్వహించుకొనే హక్కును రాజ్యాంగపు 30వ అధికరణం ఇచ్చినది. ఆ హక్కు సీట్ల సంఖ్య కొరకు మాత్రమే కాదనియు, బయట ఎవరూ పట్టించుకొనని పిల్లవానికి ఒక నీడ కల్పించుట కొరకనియు మేము నమ్ముతాము. మన జట్టులో ఉర్దూ మీడియంలో చదివి వచ్చినవారున్నారు, తెలుగు మీడియంలో చదివి వచ్చినవారున్నారు. తరగతిలో మొదటి ఏడాది వారు వేరువేరు బెంచీలపై కూర్చుంటారు. మైదానంలో మాత్రం ఒకడు "ఇధర్ దే" అని, ఒకడు "ఇటు ఇయ్యి" అని అరుస్తాడు, బంతి ఇద్దరి మాటా వింటుంది. ఈ పత్రిక రెండు భాషలలో వెలువడుచున్నది. పేజీలలో పక్కపక్కన ఉన్న ఆ రెండు భాషలు నిజంగా కలిసేది సాయంకాలం ఆ మైదానంలోనే.

ప్రతి పిల్లవాడు బలరాం కాలేడు, హబీబ్ కాలేడు. మాలో ఎవరమూ కాలేదు. ఆ సంగతి మాకు తెలుసు. కాని పద్దెనిమిదేండ్ల వయసులో బంతినో పుస్తకాన్నో ఒక్కదానినే పట్టుమని వానిని బలవంతపెట్టనవసరం లేదని, రెంటినీ పట్టుకొని నడువదగిన దారి ఉన్నదని చెప్పగలిగే పెద్దలు వానికి కావలె. ఈ వేసవిలో ఫలితాలు వచ్చిన మరునాడు మరల ఎవడో ఒక తమ్ముడు బూట్ల సంచి భుజాన వేసుకొని వచ్చి అదే ప్రశ్న అడుగుతాడు. ఈసారి మేము నవ్వి ఊరుకొనము. వానిని కూర్చుండబెట్టి ఈ వ్యాసంలోని మాటలన్నీ చెబుతాము. చివరకు "అయితే అన్నా, మీ కాలేజీల ఇవన్నీ ఉన్నయా?" అని వాడు అడిగినపుడు మేము ఏమి చెప్పవలెనో కమిటీ పెద్దలే సెలవియ్యవలె.